చిన్నాస్పత్రికి మూడువందల పన్నెండు అడుగులు

ఇళ్ళ ఏజెంటు లెయాండ్రోకి లోకంలో ఏదైనా అయిదు నిమిషాల దూరంలోనే ఉంటుంది. స్టేషన్ అయిదు నిమిషాలు, బడి అయిదు నిమిషాలు, ఆస్పత్రి అయిదు నిమిషాలు. ఎవరి అయిదు నిమిషాలని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చేది. అతనివి కొంగ కాళ్ళు. చేతిలో ఫోను తప్ప ఇంకేమీ మోయడు. నా చేతుల్లో పిల్లబండి, బండిలో నాలుగేళ్ళ హసింతా, బండికి వేలాడే సంచీలో నీళ్ళ సీసా, మార్చే బట్టలు, హసింతా పీల్చే మందు. నా అయిదు నిమిషాలు వేరు.

పోయిన జూలైలో, మా వైపు గడ్డకట్టే చలికాలంలో, ఒక సాయంత్రం పిల్లకి ఊపిరి అందలేదు. మేం అప్పుడు బ్యూనస్ ఐరిస్ నడిబొడ్డున, పెద్ద రోడ్డు మీద అయిదో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఆస్పత్రికని ఎక్కిన బస్సు రెండు వీధులు దాటి నిలిచిపోయింది. ఎవరిదో ఊరేగింపు. ముందు డప్పులు, వెనక వరసగా బస్సులు. పిల్ల గుండె నా అరచేతి కింద పిచ్చుకలా కొట్టుకుంటోంది. నలభై నిమిషాలు చూసి, దిగి, ఎత్తుకుని పరిగెత్తాను. పిల్లకేమీ కాలేదు. నాకే ఏదో అయింది. అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా అడుగులు లెక్కపెడుతున్నాను. పిల్లని చంకనేసుకుని ఆగకుండా నేను పరిగెత్తగలిగేది నాలుగువందల అడుగులు. పార్కులో పరిగెత్తి మరీ చూసుకున్నాను. ఆ తర్వాత కాళ్ళు మాట వినవు.

నా మొగుడు దమియాన్ లిఫ్టులు బాగుచేస్తాడు. "రోజంతా జనాన్ని పైకీ కిందికీ తిప్పుతా. ఇల్లు మాత్రం నేలమీద ఉండాలి, అయే," అనేవాడు. నా పేరు అయెలేన్, వాడికి ఎప్పుడూ అయే. బ్యాంకు సరే అన్నాక తొమ్మిది ఇళ్ళు చూశాం. పదోది విల్లా అరాయాలో. దక్షిణం వైపు రైల్లో ముప్ఫై అయిదు నిమిషాలు. స్టేషన్ దిగితే బేకరీ, బేకరీ పక్కన చెప్పులు కుట్టేవాడు, మూలమీద మందుల షాపు, అక్కణ్ణించి జకరందా చెట్ల వీధి. ఆ వీధిలో నలభై ఒకటో నంబరు. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో నిమ్మచెట్టు. ఇంటి ముందు కాలిబాట మీద వీధిలోకెల్లా పెద్ద జకరందా, దాని కింద అల్లిక ఊడిపోతున్న ఒక కుర్చీ.

ఆ కుర్చీలో కూచుని మాతే ఆకు టీ పీలుస్తున్నావిడే ఇంటావిడ, దోన్యా ఒతీలియా, అంటే ఒతీలియా అమ్మగారు. డెబ్బై ఒకటేళ్ళు. ఒకప్పుడు ఊళ్ళో పెళ్ళికూతుళ్ళ గౌన్లన్నీ ఆవిడే కుట్టేదట.

"ఇంత మంచిల్లు ఎందుకమ్ముతున్నారండీ?" అన్నాడు దమియాన్, మాట కలపడానికి.

"పెళ్ళి చేసుకుంటున్నా."

"అలాగా! ఎవరి పెళ్ళి?"

"నా పెళ్ళేనయ్యా. ఏం, కనపట్టంలా?"

దమియాన్ చెవులు ఎర్రబడ్డాయి. ఎదురింటి కిటికీలోంచి ఒక ముసలాయన చెయ్యి ఊపాడు. గడియారాలు బాగుచేసే దోన్ ఫెర్మీన్. పెళ్ళికొడుకు.

"ముప్ఫై ఏళ్ళనుంచి ఆయన ఈ వీధి దాటి నా దగ్గరకి మాతే తాగడానికొస్తున్నాడు. మోకాళ్ళు నెప్పంటున్నాడు. సర్లే, నేనే దాటేస్తానన్నా," అంది ఆవిడ.

అంతా నవ్వాం. ఆ నవ్వులోనే నాకు ఆ ఇల్లు కావాలనిపించింది. మరుక్షణమే భయం పట్టుకుంది. భయపడ్డట్టే జరిగింది కూడా. "ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు. నల్ల కారాయన. బ్యాంకు దాకా ఆగక్కర్లేదు, వెంటనే ఇచ్చేస్తానంటున్నాడు. ఈ చెట్టు కొట్టించి కారు లోపలికి పోయే దారి పెట్టుకుంటాడట," అంది దోన్యా ఒతీలియా, కుర్చీ చేతిని నిమురుతూ. "శుక్రవారం చెప్తాను."

బుధవారం రాత్రంతా నిద్రలేదు. ఇల్లు దక్కకపోతే ఎలాగన్నది ఒక భయం. దక్కి, ఆస్పత్రి దూరమైతే ఎలాగన్నది అంతకన్నా పెద్ద భయం. లెయాండ్రో అయిదు నిమిషాల్ని నమ్మి ముప్ఫై ఏళ్ళ అప్పుకి సంతకం పెట్టలేను. గురువారం దమియాన్ పనికెళ్ళగానే హసింతాని బండిలో కూచోబెట్టుకుని రైలెక్కాను. సంచీలో నా పాత బడి నోటుపుస్తకం. హైస్కూలు మూడో ఏడు మధ్యలో బడి మానేసినప్పటిది. వెనక సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి.

విల్లా అరాయాలో దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఒక్క మనిషి లేడు. బేకరీ షట్టరు దించేసి ఉంది. చెప్పులవాడు లేడు. మందుల షాపు మూసేసి ఉంది. మధ్యాహ్నం కునుకు అనేది రైల్లో రాత్రంతా పోతే వచ్చే దూరపు ఊళ్ళ అలవాటనుకున్నాను గానీ, ముప్ఫై అయిదు నిమిషాల్లోనే ఊరంతా తలుపులు మూసుకుని పడుకుంటుందని అనుకోలేదు. "మందుల షాపు, మూసేశారు" అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

నలభై ఒకటో నంబరు గుమ్మం దగ్గర నిలబడి మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. హసింతా కూడా బండిలోంచి లెక్కపెట్టింది. దానికి పద్నాలుగు తర్వాత పదహారే వస్తుంది. ప్రతి ఇంటి ముందూ ఆగి నంబరు రాసుకున్నాను. ఏ గేటు తాళం వేసి ఉంటుంది, ఎక్కడ కాలిబాట పగిలింది, ఎక్కడ కుక్క, ఎక్కడ నీడ. చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారికి లెక్క ఖాయమైంది. ఆ ఊరి చిన్నాస్పత్రికి ఆరువందల నలభై ఏడు. మధ్యలో మూతబడ్డ నూలు మిల్లు గోడ అడ్డం, దాన్ని చుట్టి వెళ్ళాలి. ఆరువందల నలభై ఏడు! నాలుగువందల మీద రెండువందల నలభై ఏడు. అన్ని అడుగులు నా కాళ్ళకి ఎక్కణ్ణించి తేను? కాలిబాట అంచున చతికిలబడి, ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుడుతున్నాను. కళ్ళు మసకబారాయి.

అప్పుడు సైరన్ మోగింది.

స్తంభం మీంచి, నా నెత్తిన, ప్రళయం వచ్చినట్టు. వెంటనే ఒక ఆడగొంతు రికార్డు: "అపరిచిత వ్యక్తి! అపరిచిత వ్యక్తి! వీధిని గమనిస్తున్నాం!" నేను బండి మీద పడి పిల్లని కప్పేశాను, దొంగ ఎటునుంచి వస్తాడోనని చుట్టూ చూస్తూ. హసింతా మాత్రం "ఫైరింజను!" అని చప్పట్లు కొట్టింది.

తలుపులు టపటపా తెరుచుకున్నాయి. బుగ్గల మీద దిండు ముడతలు, కాళ్ళకి ఒంటి చెప్పులు. ఒకాయన గడ్డానికి సబ్బు నురగతో వచ్చాడు. అందరికంటే ముందు వచ్చింది గులాబీ రంగు నైటీలో లావుపాటావిడ, చేతిలో మొక్కలకి నీళ్ళుపట్టే గొట్టం, దాన్ని తుపాకీలా పట్టుకుని.

"కదలకు! నా పేరు నోర్మా! గంటనుంచి చూస్తున్నా నిన్ను. మూడుసార్లు తిరిగావు, నంబర్లు రాశావు, గేట్లు చూశావు. ఏ ఇంటికి కన్నం వేద్దామని? పిల్లబండి కూడా తెచ్చావు, ఎవరూ అనుమానించరని!"

అప్పుడు అర్థమైంది, ఆ దొంగని నేనే అని.

"కాదండీ... నేను ఇల్లు..." అన్నాను.

"ఇల్లు దోచడానికా?" అన్నాడు నురగాయన.

"ఇల్లు కొనడానికి!"

"కొనేవాళ్ళు తలుపు కొడతారమ్మా, దొంగల్లా లెక్కలు రాసుకోరు," అంది నోర్మా. "ఫోన్లో మా వీధి గ్రూపులో నీ ఫోటో కూడా పెట్టేశా. నలభై ఇళ్ళు చూశాయి."

నాకు ఏడుపొచ్చేసింది. నలభై ఒకటో నంబరు తలుపు తెరుచుకుంది. జుట్టుకి రింగుల పిన్నులు పెట్టుకుని దోన్యా ఒతీలియా వచ్చింది. అయిపోయింది, ఇల్లు పోయింది అనుకున్నాను. ఆవిడ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చి నన్ను చూసి, బండిని చూసి, "ఈ పిల్లని నేనెరుగుదును. గొట్టం దించు నోర్మా, నైటీ తడుస్తోంది," అంది. ఆ తర్వాత చెయ్యి చాపింది. "ఏది, ఆ పుస్తకం ఇలా ఇయ్యి."

ఇవ్వాలని లేదు. నా రాత కోడి గీసినట్టుంటుంది. అక్షరదోషాలు సరేసరి. కానీ వీధి మొత్తం చూస్తోంది. ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు లేక పుస్తకాన్ని చేతి దూరానికి చాపి, అందరికీ వినబడేలా చదివింది.

"ముప్ఫై మూడు: కాలిబాట పగిలింది, బండి ఎడమ చక్రం దిగుతుంది. ఎత్తాలి."

"అది మా ఇల్లే," అన్నాడు నురగాయన, చిన్నగా.

"మూడేళ్ళనుంచి బాగుచేయిస్తానంటున్నావు రూబెన్! విన్నావుగా? ఇరవై తొమ్మిది: ఆకుపచ్చ గేటు. కుక్క పెద్దది, మొరుగుతుంది, కానీ తోక ఊపుతుంది. హసింతా భయపడలేదు. ఇరవై ఒకటి: మల్లె తీగ. ఇక్కడ పిల్ల దగ్గితే పూల మూలాన కావచ్చు, కంగారు పడకూడదు. పదిహేడు: అరుగు ఉంది, ఆయాసమొస్తే కూచోవచ్చు. ఎవరూ తిట్టకపోతే."

"నేనెందుకు తిడతానే పిచ్చిమొహమా!" అంది నోర్మా. పదిహేడు ఆవిడదే.

దోన్యా ఒతీలియా పేజీ తిప్పి ఆగింది. తర్వాతి మాటలు నెమ్మదిగా చదివింది. "చిన్నాస్పత్రి, ఆరువందల నలభై ఏడు. నేను పరిగెత్తగలిగేది నాలుగువందలు."

హసింతా దగ్గింది. అలవాటుగా సంచీలోంచి మందు తీసి, మాస్కుని దాని ముక్కూ నోరూ మూసేలా తొడిగి, పది లెక్కపెట్టాను. తల ఎత్తేసరికి నోర్మా చేతిలో గొట్టం లేదు.

"రోడ్డు మీంచి కొలిచిందిరా పిచ్చిపిల్ల," అన్నాడు రూబెన్. "మిల్లు చుట్టూ తిరిగిందట!"

"మిల్లు చుట్టూ ఎవడు పోతాడు? క్లబ్బులోంచి పోవాలిగాని."

"క్లబ్బులోంచి ఎన్నడుగులు?"

"రెండువందలు."

"నీ అడుగులు రెండువందలు. ఒంటెవి నువ్వు. ఈ పిల్ల అడుగులు కొలవాలి."

"అయితే కొలుద్దాం పదండి," అంది దోన్యా ఒతీలియా. "అమ్మాయ్, బండి వదిలెయ్. పిల్లని చంకనేసుకో. నిజంగా పరిగెత్తాల్సొస్తే అలాగేగా పోతావు?"

అలా బయల్దేరాం. ముందు నేను హసింతాని ఎత్తుకుని, పక్కన పిన్నులతో దోన్యా ఒతీలియా, వెనక ఇంటి చెప్పులతో వీధి వీధంతా, చివర ఖాళీ బండి తోసుకుంటూ దోన్ ఫెర్మీన్. అందరూ గట్టిగా లెక్కపెడుతున్నారు. నూట నలభై దగ్గర గొడవ.

"నూట నలభై రెండు!"

"ఒకటి! ఆ రాయి దాటడానికి ఎగిరింది, అది అడుగు కాదు."

"ఎగిరినా కాలు నేలమీద పెట్టిందా లేదా?"

"దోన్యా, నువ్వు చెప్పు!"

"రెండే. తెమలండి, పిల్ల బరువుగా ఉంది దానికి."

క్లబ్బు గేటు తెరిచే ఉంది. లోపల ఇనప గుండ్ల ఆట ఆడే మట్టి కోర్టు, పక్కన బెంచీలు, బెంచీ మీద టోపీ ముఖాన వేసుకుని పడుకున్న వాచ్‌మన్. జనం చప్పుడికి లేచి, కోర్టు మీద నడుస్తున్నందుకు కేకలేయబోయి, సంగతి విని, తనే ముందు నడిచి వెనక గేటు గడియ తీశాడు. "రాత్రి పన్నెండుదాకా రెండు గేట్లూ తీసే ఉంటాయి. ఆ తర్వాత అదిగో ఆ కిటికీ నాది. గట్టిగా కొట్టమ్మా, నాకు చెవుడు," అన్నాడు.

వెనక గేటు బయట సన్నటి సందు. సందు చివర తెల్ల గోడ, ఆకుపచ్చ తలుపు. చిన్నాస్పత్రి. గడప మీద కాలు పెట్టాను. మూడువందల పన్నెండు! వీధంతా అరిచింది. నాలుగువందలకి ఇంకా ఎనభై ఎనిమిది మిగిలాయి. ఊపిరి ఆడుతోంది. నాకూ, హసింతాకీ.

లోపల్నించి నర్సు పరిగెత్తుకొచ్చింది. పిన్నుల ముసలమ్మ, నైటీ, సబ్బు గడ్డం, ఖాళీ బండి. మొహం పాలిపోయింది. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు," అంది నోర్మా. "కొలుస్తున్నాం."

తిరిగొచ్చేటప్పుడు వీధి నా పుస్తకాన్ని లాక్కుంది. మందుల షాపు దగ్గర "మూసేశారు" మీద గీత కొట్టించి, "వెనక తలుపు, నీలం బెల్లు, ఎప్పుడైనా" అని రాయించారు. రూబెన్ తన ఇంటి పగులు పక్కన "వచ్చే వారం" అని స్వయంగా రాశాడు. నోర్మా దాన్ని కొట్టేసి "చూద్దాం" అని రాసింది. దోన్యా ఒతీలియా మాత్రం ఇల్లు మాట ఎత్తలేదు. స్టేషన్ దాకా వచ్చి హసింతా చేతిలో తీపి బన్ను పెట్టి, "మీ ఆయనకి చెప్పు, ఇంకోసారొస్తే తలుపు కొట్టమని," అంది. అంతే.

రైల్లో మొత్తం కథ చివరినుంచి మొదటికి గుర్తుచేసుకున్నాను. ఇంకోసారొస్తే అంది. వస్తే! అంటే ఇల్లు ఇవ్వదనా? చూడ్డానికి రమ్మనా? సాయంత్రం దమియాన్‌కి చెబితే సైరన్ దగ్గరే మొదలుపెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు.

"నవ్వకు. నీ పెళ్ళాం ఫోటో నలభై ఇళ్ళు చూశాయి."

"బాగా పడ్డావా అందులో?"

దిండు విసిరాను.

శుక్రవారం నాలుగున్నరకి, వాళ్ళ కునుకు అయ్యాక, లెయాండ్రో ఫోను. "మేడం, ఏం చేశారు మీరు ఆ ముసలావిడని? కారాయన ఇంకా పెంచుతానంటున్నాడు. పిల్లబండి వాళ్ళకే ఇస్తానని పట్టుబట్టి కూచుంది. 'ఆయన కొళాయిలు చూశాడు, కప్పు చూశాడు, కొట్టేయడానికి చెట్టు చూశాడు. ఈ పిల్ల మమ్మల్ని చూసింది' అంటోంది. కాకపోతే ఒక షరతు."

కూచున్నాను. "చెప్పండి."

"చెట్టు కింద కుర్చీ, అది పెట్టుకునే చోటూ అమ్మకంలో లేవట. రోజూ సాయంత్రం వచ్చి అక్కడే కూచుంటుందట. దోన్ ఫెర్మీన్ ఇంటి వైపు సాయంత్రం ఎండ కొడుతుందట."

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో అతనికి తెలియలేదు. "ఒప్పుకోకపోతే పర్లేదు మేడం, మాట్లాడతాను," అన్నాడు.

"ఒప్పుకున్నాం!" అని అరిచాను. హసింతా కూడా అరిచింది, ఎందుకో తెలియకుండానే.

రెండు నెలలకి కాగితాలు పూర్తయ్యాయి. నోటరీ గారి బల్ల దగ్గర దోన్యా ఒతీలియా తాళాలతో పాటు నా చేతిలో ఇంకోటి పెట్టింది. బొటనవేలంత రిమోటు, మధ్యలో ఎర్ర మీట. "వీధి సైరన్‌ది. ఇంటికొకటి. ఇక నువ్వే చూసుకోవాలి మమ్మల్ని," అంది. నా చేతిలో! దాన్ని జీన్సు వెనక జేబులో, అన్నిటికన్నా భద్రమైన చోటని, పెట్టుకున్నాను.

సామాను తెచ్చింది శనివారం. శనివారం ఆ వీధి మొదట్లో సంత ఉంటుందని ఎవరూ చెప్పలేదు, నేనూ కొలవలేదు. టమాటాలు, జున్ను, బట్టల దుకాణాల గుడారాలు రోడ్డుకి అడ్డంగా. లారీ రెండు వీధుల అవతలే ఆగిపోయింది. డ్రైవరుకి తొందర, సామాను అక్కడే కాలిబాట మీద దించేశాడు. మంచం, ఫ్రిజ్జు, పద్దెనిమిది అట్టపెట్టెలు, పిల్లబండి. మోయడానికి దమియాన్ ఒక్కడు. ఫ్రిజ్జు పక్కన నిలబడి తల గోక్కుంటూ, "ఇక్కడ లిఫ్టు ఉంటే బాగుండేది," అన్నాడు.

నేను అట్టపెట్టె మీద కూలబడ్డాను.

సైరన్ మోగింది.

"అపరిచిత వ్యక్తి! అపరిచిత వ్యక్తి!" వెనక జేబు తడుముకుంటూ లేచేసరికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. నోర్మా సంత మధ్యలోంచి గొట్టం లేకుండా, రెండు చేతుల్లో రెండు పాలకూర కట్టలతో పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసి ఆగింది.

"మళ్ళీ నువ్వేనా!"

"క్షమించండి, కూచున్నాను, మీట..."

"సరేలే. అందరం ఎలాగూ బయటికొచ్చాం," అని పాలకూర నా చేతిలో పెట్టి మంచం కాలు పట్టుకుంది. రూబెన్ రెండో కాలు. వాచ్‌మన్ ఫ్రిజ్జుని వీపు మీద ఎత్తి, టమాటాల మధ్యనుంచి "దారి! దారి!" అంటూ నడిచాడు. జున్నమ్మే ఆయన దుకాణం వదిలి ఒక పెట్టె అందుకున్నాడు. చెట్టు కింద కుర్చీలోంచి దోన్యా ఒతీలియా కర్ర ఊపుతూ, "మంచం తల గోడవైపు! ఆ గోడ కాదు, నిమ్మచెట్టు వైపు గోడ!" అని కేకలేస్తోంది. ఎదురుగా ఎండలో, చేతిలో మాతేతో, ఆవిడ కొత్త మొగుడు నవ్వుతున్నాడు.

నేను హసింతాని ఎత్తుకుని లారీ ఆగిన చోటునుంచి లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నూట ఎంతో దగ్గర నోర్మా వెనక్కి తిరిగి, "పాలకూర వేపుడులో వెల్లుల్లి వేస్తావా, ఉల్లిపాయా?" అని అడిగింది. రెండూ వేస్తానన్నాను. మళ్ళీ చూసుకుంటే లెక్క తప్పిపోయింది. వెనక్కి వెళ్ళలేదు.